పడనన్న రాక్షసుడు

ఒక పెద్ద అడవిలో (మరీ పెద్దదేం కాదు, దాన్ని ఏలే సింహానికి అటు చివరిదాకా నడిచే ఓపిక లేదు గనక పెద్దదనే చెప్పుకునేవారు) ఒక ఆట ఉండేది.

ఆ ఆట పెట్టింది కుశలయ్య అనే నక్క. అడవి నడుమ మెట్లు మెట్లుగా లేచిన ఏనుగుబండ మీద ఆడేవారు. మెట్టుకో పరీక్ష. ఒక మెట్టు మీద ఒంటికాలిపై నిలబడి కాకిలా అరవాలి. ఇంకో మెట్టు మీద కప్ప పాట నవ్వకుండా వినాలి. మరో మెట్టు మీద తన తోక తానే పట్టుకోవాలి. మెట్టు దాటినవాడి మెడలో ఒక గురివింద గింజ కడతారు. బండ కొసన, ఎప్పుడో ఏ ఎద్దు మెడలోంచో జారిపడ్డ గంట ఒకటి వేలాడదీశారు. అది కొడితే గెలిచినట్టు. రెక్కలున్నవాళ్లు కూడా నడిచే ఎక్కాలి. ఆ నియమమూ కుశలయ్యదే, అతనికి రెక్కలు లేవు గదా.

ఆడాలంటే రోజుకో పండు తేవాలి. సగం కుశలయ్యకి, సగం సింహానికి. సింహం పళ్లు తినదు. అయినా వాటా వాటాయే కాబట్టి గుహ ముందు కుప్ప పోయించుకుని చూసుకునేది. అడవి ఎలా ఉందని ఎవరైనా అడిగితే ఆ కుప్ప చూపించేది.

కొన్నాళ్లు బాగానే సాగింది. ఒకరోజు కొమ్మయ్య అనే కొండముచ్చు మెట్లన్నీ దాటి గంట కొట్టేశాడు. కింద అందరూ ఈలలు వేశారు. కొమ్మయ్య అటు చూశాడు, ఇటు చూశాడు, చివరికి కుశలయ్య కేసి చూశాడు.

"ఇప్పుడేంటి బావా?"

"గెలిచావు."

"అదే, గెలిచాక?"

కుశలయ్య ఆ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. "గెలిచాక ఏముంటుందిరా, ఇంటికెళ్లి పడుకో" అన్నాడు.

కొమ్మయ్య ఇంటికెళ్లి పడుకున్నాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాత దుప్పులు గెలిచాయి, కుందేళ్లు గెలిచాయి, అడవిపందులు కూడా కప్ప పాట నవ్వకుండా వినేశాయి. గెలిచినవాళ్లంతా ఇళ్లకి పోయి సొంత పనులు చూసుకోవడం మొదలెట్టారు. బండ మీద మిగిలింది నిదానం తాత ఒక్కడే. ఆయన తాబేలు. ఇంకా మొదటి మెట్టు మీదే ఉన్నాడు. ఒంటికాలి మీద నిలబడ్డాడు కానీ, కాకి ఎలా అరుస్తుందో గుర్తు తెచ్చుకుంటున్నాడు.

సింహం కుశలయ్యని పిలిపించింది.

"కుప్ప చిన్నదైపోయింది. అది పోనీ. నిన్న ఒక కుందేలు నా దగ్గరికొచ్చి, వాగు దారి ఎప్పుడు బాగుచేయిస్తారు దొరా అని అడిగింది. కుందేలు. నన్ను. దాన్ని తినడం కూడా మర్చిపోయి ఆలోచనలో పడ్డాను."

"తప్పు నాదే దొరా" అన్నాడు కుశలయ్య. "ఆటకి చివర పెట్టాను. చివరంటూ ఉంటే జనం అక్కడికి చేరతారు. చేరినవాడు ఖాళీగా ఉంటాడు. ఖాళీగా ఉన్నవాడికి వాగు దారి కనబడుతుంది."

"మరి చివర తీసెయ్."

"తీసేస్తే అసలు ఎక్కరు దొరా. చివర ఉండాలి. దాని తర్వాత ఇంకోటుండాలి. ఆ రెండోదానికి చివర ఉండకూడదు."

సింహానికి అర్థం కాలేదు. అర్థం కానివాటికి వెంటనే ఒప్పుకోవడం దొరతనంలో ఒక పద్ధతి. ఒప్పుకుంది.

కుశలయ్య బండ వెనక ఉన్న పల్లాన్ని బాగుచేయించి దానికి 'పైలోకం' అని పేరు పెట్టాడు. పల్లంలో ఉన్నదాన్ని పైలోకం అంటారేంటని ఒక్కరు కూడా అడగలేదు. గంట కొట్టినవాళ్లకే అందులోకి ప్రవేశం. లోపల ఒక రాక్షసుడు ఉంటాడు. వాడిని మట్టి ముద్దలతో కొట్టి పడగొట్టాలి. ఒంటరిగా పోకూడదు, దండు కట్టుకుని పోవాలి. రాక్షసుడు పడగానే వాడి చంకలోంచి ఆకు పొట్లం రాలుతుంది. చాలా పొట్లాల్లో ఉండేది ఎండుటాకే. ఎప్పుడో ఒకదాంట్లో నెమలీక ఉంటుంది. తోక నిండా నెమలీకలు కట్టుకున్నవాడికి 'మహాతోక' అని బిరుదు. ఒక రోజు రాకపోతే మెడలోంచి ఒక గింజ తెంపేస్తారు. రాక్షసుడు పడకముందే మధ్యలో లేచిపోతే గింజలన్నీ తెంపేస్తారు. ఈ ఆఖరి నియమం కాస్త గుర్తు పెట్టుకోండి. అందరూ మునిగింది దీంతోనే.

రాక్షసుడి ఉద్యోగం భద్రయ్య అనే ఎలుగుబంటికి దొరికింది.

"పనేంటి?" అని అడిగాడు భద్రయ్య.

"నిలబడి అరవాలి. వాళ్లు కొడితే పడిపోవాలి. పడ్డప్పుడల్లా ఒక తేనెపట్టు."

"నేను కూడా కొట్టొచ్చా?"

"వద్దు మావా. ఊరికే అరిస్తే చాలు."

భద్రయ్య ఒకరి జోలికి పోయే రకం కాదు. చంకల కంపు తప్ప అతనిలో రాక్షస లక్షణం ఒక్కటీ లేదు. అయినా తేనె అన్నారు కదా అని ఒప్పుకున్నాడు.

పైలోకం సంగతి తెలియగానే కొమ్మయ్య పరిగెత్తుకుంటూ వచ్చాడు. దండు కట్టాడు. ఆ దండులో పీచయ్య అనే గిజిగాడు ఉన్నాడు. ముద్దలు విసిరే చోట పిట్టకేం పని అనుకోకండి. మట్టి ముద్ద గాల్లో విడిపోకుండా దాని చుట్టూ గడ్డిపోచ తిప్పి ముడేసేది అతనే. ముడంటే గిజిగాడి ముడే. "పీచయ్య లేకపోతే మన దండే లేదు" అని కొమ్మయ్య రోజూ అనేవాడు. నిజం చెప్పాలంటే పీచయ్య వెళ్లేది ఆ మాట కోసమే. ఇంట్లో ఆ మాట ఎవరంటారు?

ఇంట్లో అతని కోసం వేరే మాట కాచుకుని ఉంది. గిజిగాళ్లలో ఒక ఆచారం ఉంది. మగవాడు గూడు సగం అల్లి ఆపుతాడు. ఆడపిట్ట వచ్చి పోచలు లాగి చూస్తుంది, ఎక్కి ఊగి చూస్తుంది. నచ్చితే సరేనంటుంది. అప్పుడు అతను గుడ్ల గది, దాని కింద గొట్టం అల్లి పూర్తి చేయాలి. వానలు మొదలయ్యేలోగా పూర్తి చేయకపోతే ఆమె ఇంకొకరి గూడు చూసుకుని వెళ్లిపోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు.

పీచయ్య సగం గూడు చూసి నాంచారి అనే ఆడపిట్ట సరేనంది. అతని ముడి చూసి ముచ్చటపడి సరేనంది. అప్పటినుంచీ ఆ గూడు బోర్లించిన టోపీలా సగంలోనే వేలాడుతోంది.

"ఏమయ్యా, గది ఎప్పుడు మొదలెడతావు?" అని అడిగింది ఒక పొద్దున.

"రేపే. ఇవాళ పోకపోతే గింజ తెంపేస్తారు."

"నిన్నా అదే అన్నావు."

"నిన్న పోకపోయినా తెంపేసేవారే కదా."

"గుడ్లకి నీ గింజల లెక్క తెలీదయ్యా. మబ్బు పడుతోంది. పక్క కొమ్మ మీద పుల్లయ్య గూడు అయిపోయింది. నేను కనబడితే చాలు, పాట ఎత్తుకుంటున్నాడు."

పుల్లయ్య ముడి వదులని అడవంతా తెలుసు. "వాడి గూడు గట్టిగా గాలొస్తే ఊడిపోతుంది" అన్నాడు పీచయ్య.

"ఊడిపోడానికైనా ఒకటుంది" అంది నాంచారి.

పీచయ్య సిగ్గుపడ్డాడు. సిగ్గుపడి, బుద్ధిగా తల వంచుకుని, పైలోకానికే వెళ్లాడు.

అక్కడ భద్రయ్య మొదటి రోజు పని బాగానే చేశాడు. అరిచాడు, చేతులు ఊపాడు, చాలాసేపటికి ఒరిగాడు. తేనె తింటుంటే ఒక ఆలోచన వచ్చింది. తేనె ఇచ్చేది పడ్డందుకు. మరి అంతసేపు నిలబడడం దేనికి? మర్నాడు మొదటి ముద్ద తగలగానే పడిపోయాడు. ఆ మర్నాడు ముద్ద ఇంకా గాల్లో ఉండగానే పడిపోయాడు. తర్వాత్తర్వాత దండు అడుగుల చప్పుడు వినబడగానే వెల్లకిలా పడుకుని, పొట్లం పక్కన పెట్టి, "అయిపోయింది, తర్వాతోళ్లని పంపండి" అని కేకేసేవాడు.

కొద్దిరోజుల్లోనే అడవిలో అందరికీ నెమలి తోకలు వచ్చేశాయి, ఒక్క నెమలికి తప్ప.

"ఇంకేముంది బావా?" అన్నాడు కొమ్మయ్య, తన మహాతోక మీదే కూర్చుని.

కుశలయ్య కిందా మీదా పడి ముళ్లదారి ఒకటి తయారుచేశాడు. మధ్యాహ్నానికల్లా అందరూ దాటేశారు. "ఇంకేముంది బావా?" బురదగుంట తవ్వించాడు. అడవిపందులు దాన్ని ఆటగా కాక సదుపాయంగా తీసుకుని అందులోనే కాపురం పెట్టాయి. "ఇంకేముంది బావా?" చేసేవాడికి వారం పట్టేది తినేవాడికి పూట కూడా రాదని వంటింట్లో ఉన్న ఎవరిని అడిగినా చెప్పేవారు. కుశలయ్య ఎప్పుడూ వంటింటి వైపు పోలేదు.

చివరికి అతనికి తప్పెక్కడుందో తెలిసింది, లేదా తెలిసిందనుకున్నాడు. భద్రయ్య దగ్గరికి పోయి, "మావా, ఇవాళ్టినుంచి పద్ధతి మారింది. పడితే తేనె లేదు. నిలబడినంతసేపూ తేనె" అన్నాడు.

"ఎంతసేపైనా?"

"ఎంతసేపైనా."

భద్రయ్య లేచి నిలబడ్డాడు. ఆ నిలబడ్డం ఇంక పడలేదు.

మొదటి రోజు దండువాళ్లు ఉప్పొంగిపోయారు. "ఇదిరా ఆటంటే" అన్నాడు కొమ్మయ్య. ముద్దలు విసిరి విసిరి చేతులు పడిపోయాయి. భద్రయ్య పడలేదు. రెండో రోజూ పడలేదు. మధ్యలో లేచిపోతే గింజలన్నీ పోతాయి. అందుకని ఎవరూ కదల్లేదు. ఉన్నచోటే పడుకున్నారు, ఉన్నచోటే గడ్డి పీక్కుని తిన్నారు. ఒక కుందేలుకి పైలోకంలోనే పిల్లలు పుట్టాయి. అవి కూడా దండులో చేరాయి.

కుశలయ్య గట్టు మీంచి చూసి చేతులు నలుపుకున్నాడు. ఆటంటే ఇలా ఉండాలనుకున్నాడు. మర్నాడు సింహం కబురు చేసింది.

"పళ్లేవి?"

అప్పుడు గుర్తొచ్చింది. పండు తేవాలంటే బయటికి పోవాలి. బయటికి పోతే గింజలు పోతాయి. అందరూ లోపలే ఉన్నారు గనక పండు తెచ్చే నాథుడే లేడు. పాత కుప్ప కుళ్లి ఈగలు ముసురుతున్నాయి.

అది ఒక బాధ. రెండోది తేనె. నిలబడినంతసేపూ తేనె అన్నాడు కదా, భద్రయ్య నిలబడే ఉన్నాడు. నిల్వ ఉన్న పట్టులన్నీ అయిపోయాయి. తేనె ఆలస్యమైతే భద్రయ్య నిజంగానే రాక్షసుడయ్యేవాడు. దాంతో కుశలయ్యే స్వయంగా చెట్లెక్కడం మొదలెట్టాడు. నక్క చెట్టెక్కడం చూడ్డానికి ఎవరూ ఖాళీగా లేరు, తేనెటీగలు తప్ప. రోజూ పొద్దున్నే పోవడం, కుట్టించుకోవడం, తేవడం. ఒక్క రోజు మానడానికి లేదు. అడవి మొత్తానికి ఇప్పుడు ఆ ఆట మనసుపెట్టి ఆడుతున్నవాడు అతనొక్కడే.

"పడిపో మావా, నీ కాళ్లు పట్టుకుంటా" అన్నాడు ఒకరోజు, వాచిన మూతితో.

"పడితే ఏమిస్తావు?"

"ఇవ్వడానికేం లేదు. అందుకే పడమంటున్నా."

"పడితే తేనె లేదన్నది నువ్వే. నేను మాట మీద నిలబడే జంతువుని కుశలయ్యా" అన్నాడు భద్రయ్య. నిలబడే అన్నాడు.

ఇంతలో గాలి మారింది. మట్టి వాసన మొదలైంది. నాంచారి ఎగిరొచ్చి పైలోకం గట్టు మీద వాలింది. పీచయ్య ముద్దకి ముడేస్తున్నాడు. చక్కటి ముడి. ఆ ముడి చూసి ఆమెకి ఏడుపొచ్చింది.

"ఇలాంటి ముళ్లు మట్టికి వేస్తున్నావు" అంది.

పీచయ్య తలెత్తలేదు. "రాక్షసుడు పడగానే వచ్చేస్తా నాంచారీ. నేను లేకపోతే వీళ్లకి ముడేసేవాడు లేడు."

"నువ్వు లేకపోతే నా గుడ్లకి గదే లేదు. నాకు పుల్లయ్య పాట నచ్చలేదయ్యా, గూడూ నచ్చలేదు. కానీ గుడ్లు నా ఇష్టాయిష్టాల కోసం ఆగవు. మొదటి చినుకు పడితే నేను ఆ కొమ్మకి పోవాల్సిందే."

పీచయ్య లేవాలనుకున్నాడు. మెడలో గింజలు గలగలమన్నాయి. ఎన్ని రోజుల గింజలు. కొమ్మయ్య అతని రెక్క పట్టుకుని, "నువ్వు పోతే మేమేమైపోవాలి పీచయ్యా" అన్నాడు. అతను మళ్లీ కూర్చున్నాడు.

నాంచారి ఎలుగుబంటి కేసి చూసింది. "అన్నయ్యా, నువ్వెప్పుడు పడతావు?"

"పడడం మానేశా చెల్లెమ్మా" అన్నాడు భద్రయ్య. "ఏమనుకోకు. ఉద్యోగం."

సరిగ్గా అప్పుడే కుశలయ్య గట్టు దిగి వచ్చాడు. సింహం 'ఇవాళే మూసెయ్' అని ఆజ్ఞాపించింది. దానికి తోడు ఆ పొద్దున తేనెటీగలు అతనికి పూర్తిగా మర్యాద చేసి పంపాయి. మొహం పనసకాయంత అయింది. కళ్లు కనబడ్డం లేదు. చెవులు ఒకటి అటు, ఒకటి ఇటు. పెదాలు వాచి మాట ముద్దగా వస్తోంది.

"ఆట అయిపోయింది" అన్నాడు. "అందరూ ఇళ్లకి పొండి. ఎవరి గింజలూ తెంపను."

కొమ్మయ్య గొంతు తగ్గించి అన్నాడు: "కదలకండిరా. ఇది పరీక్ష. పొమ్మన్నాడని పోయామంటే ఓడిపోయినట్టే."

"పరీక్ష కాదురా, నిజంగా మూసేశాం" అన్నాడు కుశలయ్య.

"చూశారా, ఎంత బాగా చెప్తున్నాడో" అన్నాడు కొమ్మయ్య. "ఇంతకీ వీడెవడు? ఈ మొహం ఎక్కడా చూళ్లేదే."

నాంచారి ఆ గొంతు పోల్చుకుంది. వాచిన ముఖాన్ని చూసింది, నిలబడ్డ ఎలుగుబంటిని చూసింది, పైనున్న మబ్బుని చూసింది. తర్వాత నెమ్మదిగా, ఒక్క అబద్ధం కూడా ఆడకుండా చెప్పింది.

"ఇంకా తెలీలేదా? అసలు రాక్షసుడు ఇతనే."

ఆ తర్వాత ఏం జరిగిందో కుశలయ్యకి సరిగ్గా తెలీదు. అన్ని వైపులనుంచీ ముద్దలొచ్చాయి. పీచయ్య ముడేసినవి గనక ఒక్కటీ విడిపోలేదు. అతను ఎలుగుబంటంత సేపు కాదు కదా, ఎలుగుబంటి మొదటి రోజంత సేపు కూడా నిలబడలేదు. పడ్డాడు. దండంతా మీదికి దూకి చంకలు వెతికారు. రెండు తేనెటీగలు దొరికాయి.

"రాక్షసుడు పడ్డాడు" అని అరిచాడు కొమ్మయ్య. అందరూ ఒకరినొకరు కావలించుకున్నారు. భద్రయ్య ఈ గోలంతా చూసి, తేనె తెచ్చేవాడే పడిపోయాడు కాబట్టి ఇక నిలబడి లాభం లేదని లెక్క వేసుకుని, నిమ్మళంగా కూర్చున్నాడు.

పీచయ్య ఒక్క ఉదుటున లేచి ఇంటికి పరిగెత్తాడు. గట్టెక్కాడు, ముళ్లదారి దాటాడు, బురదగుంట చుట్టూ తిరిగాడు. పైనుంచి నాంచారి గొంతు వినబడింది.

"రెక్కలున్నాయి కదయ్యా."

అతను ఆగి, తన రెక్కలు తాను చూసుకున్నాడు. నడిచి నడిచి ఆ సంగతే మర్చిపోయాడు. సిగ్గుతో ఎగిరాడు.

మొదటి చినుకు పడేసరికి పీచయ్య ముక్కున పోచతో గూటిమీద ఉన్నాడు. నాంచారి పుల్లయ్య కొమ్మకేసి ఒకసారి చూసింది, ఈ గూటికేసి ఒకసారి చూసింది. సగంలో ఉన్నా ఇటే వచ్చి, తన బరువంతా వేసి కూర్చుంది, గాలికి ఊగిపోకుండా. ఒంటరిగా అయితే పీచయ్య వానని గెలిచేవాడు కాడు. కానీ కాసేపటికి చెట్టు కింద గోలగోలగా అలికిడయింది. దండంతా వచ్చింది. వాళ్లకి ఇంటికి పోవడం అలవాటు తప్పిపోయింది. పీచయ్య ఎటు పోతే అటు వచ్చేశారు.

కొమ్మయ్య సగం గూటిని ఎగాదిగా చూశాడు.

"ఇదేం మెట్టు పీచయ్యా?"

"ఇది గూడు."

"ఏం చేయాలి?"

"గడ్డిపోచలు తేవాలి. సన్నవి, పచ్చివి, పొడుగువి."

క్షణంలో దండు నాలుగు వైపులా చెదిరింది. కుందేళ్లు కొరికాయి, దుప్పులు మోశాయి, కొమ్మయ్య అందించాడు, పీచయ్య ముడి మీద ముడి వేశాడు. పెద్ద వాన దిగేసరికి గది అయింది, గొట్టం అయింది, నాంచారి లోపల ఉంది.

తడిసి ముద్దయిన కొమ్మయ్య గొట్టం కిందనుంచి లోపలికి తొంగి చూశాడు.

"ఇందులో రాక్షసుడెవరు?"

"నేనే" అంది నాంచారి లోపల్నుంచి.

"ఏం రాలుతుంది?"

"గుడ్లు."

"తర్వాత?"

"పిల్లలు. తర్వాత వాటికి పురుగులు తేవాలి. తెచ్చినకొద్దీ నోళ్లు తెరుస్తాయి. ఎగిరిపోయాక మళ్లీ వానలొస్తాయి, మళ్లీ గూడు కట్టాలి."

కొమ్మయ్య కూడా నోరు తెరిచాడు. "అబ్బో, దీనికి చివరే లేదా?" అన్నాడు. అని, ఏదో గుర్తొచ్చినవాడిలా గబగబా తన ఇంటికి పోయాడు. అతని భార్య అతన్ని గుర్తుపట్టడానికి కొంచెం సమయం పట్టింది. మహాతోక ఊడదీశాక గుర్తుపట్టింది.

వానాకాలమంతా కుశలయ్య మూతికి పసరు రాసుకుంటూ తన బొరియలో పడుకున్నాడు. సింహం కుళ్లిన కుప్ప వాసన భరించలేక గుహ మారింది. కొత్త గుహకి పోయే దారి వాగు మీదుగానే కాబట్టి దారి బాగుచేయించింది.

వానలు వెనకబట్టాక ఒక సాయంత్రం ఏనుగుబండ మీంచి గంట మోగింది. నిదానం తాత. చుట్టూ ఎవరూ లేరు, ఈల వేసేవాడూ లేడు. ఆయన కాసేపు గాలి పీల్చుకుని, బాగుందనుకుని, ఇంటికి దిగడం మొదలెట్టాడు. ఇంకా దిగుతూనే ఉన్నాడని విన్నాను.

నీతి: చివర లేని ఆటే కావాలనుకునేవాడు పైలోకాలు పట్టుకుని తిరగనక్కర్లేదు, పెళ్లి చేసుకుంటే చాలు.